‘సొంత శక్తి మీద ఆనుకుంటున్నావు’ అన్నారు. మరి దేవుని మీద ఆనుకోవడం ఎలా?

తెనాలి కోడలు · సోమవారం, రాత్రి 11:48

అందరికీ వందనాలు. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరిలో మా అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. మావారి ఉద్యోగం వేరే ఊళ్లో, శనివారం రాత్రి వస్తారు. పగలు ఒక ఆయా ఉంటుంది. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఎనిమిది వరకు నేనే. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చమన్నారు కాబట్టి ఫోనులో పదకొండుకు, ఒంటిగంటకు, మూడుకు, అయిదుకు అలారం పెట్టుకుంటాను. పొద్దున ఆఫీసు. ఆదివారం సండే స్కూలు. స్త్రీల సమాజం కార్యదర్శి పని కూడా నాదే.

ఫ్రిజ్ తలుపు మీద ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అనే వాక్యం అంటించుకున్నాను. పోయిన గురువారం తెల్లవారుజామున మూడింటికి అత్తయ్యను తిప్పుతుండగా నడుము పట్టేసింది. ఆమె బరువంతా నా మోచేతి మీద ఉంది. వదిలితే పడిపోతుంది, లేపుదామంటే చేత కాదు. అలాగే మంచం అంచున కూలబడ్డాను. పావుగంటో, ఇంకా ఎక్కువో తెలియదు. ఆమె నా వైపే చూస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు.

మా సంఘంలో పెద్దావిడకు చెప్పుకున్నాను. ‘నీ సొంత శక్తితో చేస్తున్నావమ్మా, అందుకే అలసిపోతున్నావు. దేవుని బలం మీద ఆనుకో’ అన్నారు. ఎలా అని అడిగితే ప్రార్థన పెంచమన్నారు. ఇప్పుడు అయిదు గంటల అలారం తర్వాత మళ్లీ పడుకోకుండా ప్రార్థన చేస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆ సమయంలో కూర్చునే నిద్రపోతున్నాను.

నేను వాదన కోసం అడగడం లేదు. తెల్లవారుజామున మూడింటికి, ఆ గదిలో, దేవుని మీద ఆనుకోవడం అంటే నేను ఏం చేయాలి?

---

సీయోను కావలి · మంగళవారం, ఉదయం 5:20

సిస్టర్, వందనాలు. మీ పెద్దావిడ సరిగానే చెప్పారు. ‘నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు’ అని ప్రభువు యోహాను 15:5లో చెప్పాడు. ఏమీ చేయలేరు అంటే ఏమీ చేయలేరనే. యుద్ధానికి బయలుదేరిన గిద్యోను దగ్గర ముప్పై రెండు వేల మంది సైనికులు ఉంటే దేవుడు మూడు వందలకు తగ్గించాడు. మన బలం ఎక్కువైతే ఆయన మహిమ కనబడదు. ఆయాలు, మందులు, ఫిజియోథెరపీలు ఇవన్నీ మానవ ఆధారాలు. యూదా రాజు ఆసా జబ్బు పడ్డప్పుడు వైద్యులను పట్టుకుని చనిపోయాడు, 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయం చూడండి. మూడు రోజులు ఉపవాసం ఉండండి.

---

కువైట్ నర్సమ్మ · మంగళవారం, ఉదయం 6:05

కావలి గారూ, మంచం పట్టిన మనిషిని రాత్రంతా ఒంటరిగా తిప్పుతున్న ఆడపిల్లను మూడు రోజులు తిండి మానమంటున్నారా? రెండో రోజు రాత్రి ఆమె కళ్లు తిరిగి పడితే కింద ఉండేది అత్తగారు.

చెల్లీ, ముందు నీ నడుము సంగతి. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను.

మంచం ఎత్తు నీ నడుము దగ్గరకు వచ్చేలా కోళ్ల కింద ఇటుకలు పెట్టించు. నాలుగు కోళ్లకూ సమానంగా, కదలకుండా ఉండాలి. నువ్వు వంగే కొద్దీ బరువు నీ వెన్ను మీద పడుతుంది. పాత నూలు దుప్పటిని సగానికి మడిచి, ఆమె భుజాల నుంచి పిరుదుల కింద వరకు వచ్చేలా అడ్డంగా పరువు. కదిలించాల్సింది మనిషిని కాదు, దుప్పటిని. పడిపోయిన కుడిచేతిని మాత్రం ఎప్పుడూ పట్టుకుని లాగవద్దు, భుజం కీలు జారుతుంది. ఒక్కదానివే ఉన్నప్పుడు ఆమెను నీ నుంచి అవతలికి నెట్టకు. అవతలి మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి నీ వైపుకు తిప్పుకో. వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు.

మంచంలో పైకి జరపడం మాత్రం ఒక్కరి పని కాదు. మా ఆసుపత్రిలో ఎంత బలమైన మగ నర్సు అయినా ఒంటరిగా ఆ పని చేయడు, చేస్తే పై అధికారి ఒప్పుకోరు. దుప్పటికి అటు ఒకరు, ఇటు ఒకరు ఉండాలి. గాలి పరుపు ఉందా? ఉంటే రాత్రిపూట వ్యవధి కొంత పెంచవచ్చా అని డాక్టరును అడుగు, నీ అంతట నువ్వు పెంచకు.

వాక్యం సంగతి అయ్యగార్లు చెబుతారు.

---

ఏరువాక · మంగళవారం, ఉదయం 9:30

ఖమ్మం దగ్గర ఒక చిన్న సంఘానికి కాపరిని. పొద్దున పొలం, సాయంత్రం కూడిక.

కావలి బ్రదర్, ఆసా గురించి ఒక మాట. ఆ వచనంలో ఉన్నది ‘యెహోవాయొద్ద విచారణచేయక వైద్యులను పట్టుకొనెను’ అని. తప్పు ‘విచారణచేయక’ దగ్గర ఉంది. అదే అధ్యాయం మొదట్లో ఆయన మందిరంలోని వెండి బంగారాలు తీసి సిరియా రాజుకు పంపి సాయం కొన్నాడు, దాన్నిబట్టి చదవాలి. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు ముద్ద కట్టమని చెప్పింది యెషయా ప్రవక్తే. పౌలు పక్కన తిరిగిన లూకా వైద్యుడు.

గిద్యోను కథలో కూడా ఆ మూడు వందల మంది ఇంట్లో కూర్చోలేదు కదా. బూరలు ఊదారు, కుండలు పగలగొట్టారు, రాత్రంతా మేలుకున్నారు.

అమ్మా, మీ ప్రశ్న చదివాక నాకు ముందు గుర్తొచ్చింది ఏలీయా ప్రవక్త. 1 రాజులు 19. యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని, ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. ముందు రోజుల్లో కర్మెలు కొండ మీద అగ్ని దింపిన మనిషి! దేవదూత వచ్చి ‘నీ విశ్వాసం ఏమైంది’ అని అడగలేదు. ప్రార్థన పెంచమనలేదు. తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, మళ్లీ తినమని చెప్పిన మాట చూడండి: ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది’. శక్తికి మించినదని దేవుని పక్షం నుంచే ఒప్పుకోలు వచ్చింది. మీకు మించిన పని మీకు మించినదని అనిపించడం అవిశ్వాసం కాదు.

ఆ అయిదు గంటల ప్రార్థన ఆపి పడుకోండి. ఇది కాపరిగా చెబుతున్నాను.

---

ప్రశ్నార్థకం · మంగళవారం, మధ్యాహ్నం 1:12

నాదొక సందేహం, ఎవరూ కోప్పడవద్దు. ‘ఇది నా బలం, ఇది దేవుని బలం’ అని లోపల నుంచి ఎలా తెలుస్తుంది? నేను పరీక్షకు చదివినప్పుడు ప్రార్థన చేసి చదివినా, చేయకుండా చదివినా ఒకేలా అలిసిపోతాను. గెలిస్తే దేవుని బలం, ఓడితే సొంత బలం అని తర్వాత పేరు పెట్టుకుంటున్నామేమో అనిపిస్తుంది.

---

ఏరువాక · మంగళవారం, మధ్యాహ్నం 2:40

తమ్ముడూ, మంచి ప్రశ్న. అలసటలో తేడా తెలియదు. పౌలు కూడా 1 కొరింథీయులు 15లో అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానని చెప్పి, ఆ వెంటనే ప్రయాసపడింది నేను కాదు, నాకు తోడైన కృప అంటాడు. రెండూ ఒకే వాక్యంలో. గీత ఎక్కడ గీయాలో ఆయనే చెప్పలేదు.

నా మట్టుకు నేను ఒక గుర్తు పెట్టుకున్నాను. పని అయ్యాక నాలో చిరాకు మిగిలితే, ‘ఎవరూ పట్టించుకోలేదు, నేనొక్కడినే చేశాను’ అనే లెక్క మిగిలితే, అది నా బలంతో చేసిన పని.

---

కువైట్ నర్సమ్మ · మంగళవారం, సాయంత్రం 4:15

అయ్యగారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. వారం రోజులు వరుసగా నిద్ర లేకపోతే ఎవరికైనా చిరాకే మిగులుతుంది. దాన్ని ఆత్మీయ కొలబద్దగా పెడితే, ఈ చెల్లి రేపు నడుము నొప్పితో పాటు అపరాధభావం కూడా మోస్తుంది. నా సహోద్యోగి ఒకామె ఏడాది పాటు ‘నాలో ప్రేమ చల్లారింది’ అని ఏడ్చింది. తీరా పరీక్ష చేయిస్తే రక్తం బాగా తక్కువగా ఉంది.

---

ఏరువాక · మంగళవారం, సాయంత్రం 4:31

ఒప్పుకుంటున్నాను. ఆ గుర్తు నాకు పనికొచ్చింది, ఆమెకు పనికి రాకపోవచ్చు.

---

గుండ్లకమ్మ · మంగళవారం, రాత్రి 8:50

ఒంగోలు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను, వయసు 71. కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

మా ఊరి చరిత్ర తెలిసినవాళ్లకు ప్రార్థన కొండ తెలుసు. 1854 జనవరి 1 తెల్లవారకముందే అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించారు, అంత ఫలితం లేని చోటు ఇది. తర్వాత పన్నెండేళ్లకు, 1866లో క్లౌ దొర అనే మిషనరీ ఒంగోలుకు వచ్చాడు.

అక్కడి వరకు అందరూ చెబుతారు. నాకు ఇష్టమైన భాగం ఆ తర్వాతిది. 1876–78లో ధాత కరువు వచ్చింది. అప్పుడు క్లౌ ఏం చేశాడు? బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని నేర్చుకున్న మనిషి. కొలతలు తెలుసు, మట్టి లెక్క తెలుసు. వేల మందికి కూలి దొరికింది. బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు కూలీల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. ఆ కాలువ ప్రార్థనతో తవ్వుకుపోలేదు, గడ్డపారతో తవ్వారు. కట్ట మీద నిలబడి కొలతలు వేసిన వాణ్ణి గనుక ఇది చెప్పే హక్కు నాకుంది.

మరి ఇది సొంత శక్తా? దానికి జవాబు నాకు ఇంకోచోట దొరికింది. కరువు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానం. కూలీ జాబితా చేతిలో ఉంది, తిండి చేతిలో ఉంది, కావాలనుకుంటే బాప్తిస్మాల లెక్కలు పెంచి చూపించుకునేంత బలం అది. ఆ బలాన్ని ఆత్మల విషయంలో వాడలేదు. కరువు సాయం అంతా ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర మా గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగారు.

ఇక నా సంగతి. పదకొండేళ్లు మా మందిర నిర్మాణ కమిటీకి నేనే పెద్దను. సిమెంటు నేనే కొన్నాను, కడ్డీలు నేనే లెక్కపెట్టాను. ప్రార్థన లేకుండా ఒక్క రాయి వేయలేదు, మోకాళ్ల మీద కన్నీళ్లు కార్చాను. అయినా ఇప్పుడు చూసుకుంటే అదంతా సొంత శక్తే. ఎందుకంటే తాళాల గుత్తి ఎవరికీ ఇవ్వలేదు. పన్నెండు తాళాలు, ఒక ఇత్తడి వలయం. పెళ్లికి వెళ్లినా జేబులోనే. నేను రాకపోతే గది తెరవలేక ఎండలో నిలబడ్డ మేస్త్రీలు ఉన్నారు. మోకాలి శస్త్రచికిత్సకు వెళ్లే రోజు తప్పనిసరై ఒక ఆటో డ్రైవరు కుర్రాడి చేతిలో పెట్టాను. వాడు రెండు నెలల్లో నాకంటే తక్కువ ధరకు పైకప్పు పూర్తి చేయించాడు. చాలా సంతోషించాను అని రాయాలని ఉంది. నిజానికి మొదటి వారం నిద్ర పట్టలేదు.

అమ్మాయీ, తాళాల గుత్తి ఎవరికైనా ఇచ్చావా?

---

నర్సాపురం మనవరాలు · మంగళవారం, రాత్రి 10:22

గుండ్లకమ్మ తాతయ్యగారూ, ఆమె ఎందుకు ఇవ్వలేదో నాకు అర్థమైంది. తెనాలి కోడలూ, మీరు ఏ పెంపకంలో పెరిగారో అడగవచ్చా? ‘మన అవసరం దేవునికే చెప్పాలి, మనుషులకు చెప్పకూడదు’ అనే ఇల్లా?

మాది ఆ ఇల్లే. మా తాతయ్య జీతం లేని విశ్వాస సేవకుడు. మా గోదావరి ప్రాంతంలో 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు వచ్చి సేవ మొదలుపెట్టిన నాటి నుంచి ఆ పద్ధతి ఉంది. వాళ్లను ఇండియాకు తెచ్చిన గ్రోవ్స్, బ్రిస్టల్‌లో అనాథ ఆశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్‌కు బావమరిది. ముల్లర్ ఎవరినీ డబ్బు అడగలేదు, దేవుణ్ణే అడిగాడు. ఆ సాక్ష్యం వింటూ పెరిగాం.

అది గొప్ప సాక్ష్యమే, కాదనను. కానీ మా నాయనమ్మ ఇంట్లో బియ్యం లేని రోజు కూడా పొయ్యి మీద వట్టి నీళ్ల గిన్నె పెట్టి మరిగించేది. పొగ రాకపోతే పక్కింటివాళ్లకు తెలిసిపోతుందని. దేవునికి తెలుసు కదా అనేది. పక్కింటావిడ తర్వాత ఆ సంగతి తెలిసి ‘నేను పరాయిదాన్నా’ అని నెల రోజులు మాట్లాడలేదు.

ముల్లర్ విషయంలోనూ మనం సగమే చెప్పుకుంటాం. ఆష్లీ డౌన్‌లో అయిదు భవనాలు, రెండు వేల పైచిలుకు పిల్లలకు చోటు. ఆ పిల్లలకు ఆయన ఒక్కడే తల దువ్వలేదు. ఉపాధ్యాయులు, దాదులు, వంటవాళ్లు ఉన్నారు. ప్రతి కానుకకూ లెక్క రాసి ఏటా నివేదిక అచ్చు వేయించేవాడు.

మీరు ఫ్రిజ్ మీద అంటించుకున్న వాక్యం పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరంలోది, ఫిలిప్పీ 4:13. దయచేసి 14 కూడా చదవండి.

---

తెనాలి కోడలు · బుధవారం, రాత్రి 12:04

ఇప్పుడే తీసి చదివాను. ‘అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని.’

ముప్పై ఏళ్లుగా 13 దగ్గర ఆగిపోయాను.

అవును, మాది ఆ ఇల్లే. మా నాన్న కూడా అలాగే అనేవారు. మావారికి కూడా నడుము సంగతి చెప్పలేదు, అక్కడ కంగారు పడతారని. సంఘంలో ‘ఎలా ఉన్నావు’ అంటే ‘దేవుని కృప’ అని చెప్పి వచ్చేస్తాను. పెద్దావిడకు చెప్పిన రోజు కూడా ‘ప్రార్థన చేయండి’ అన్నాను తప్ప ‘ఒక రాత్రి రండి’ అనలేదు. ఆవిడ మాత్రం ఏం చేస్తారు, అడిగింది ఇచ్చారు.

---

సీయోను కావలి · బుధవారం, ఉదయం 5:35

పౌలు ఆ ఉత్తరంలో ఈవిని (కానుకను) ఆశించి చెప్పడం లేదని 17వ వచనంలో స్పష్టంగా అన్నాడు. అది కూడా చదవండి. మనుషుల మీద ఆధారపడటం నేర్పకండి. నా సాక్ష్యం నాకుంది. 2011లో నా కొడుకు విషయంలో డాక్టర్లు చేతులెత్తేశారు, దేవుడే లేపాడు. ఎవరూ రాలేదు. సంఘం నుంచి ఒక్కరూ రాలేదు.

---

నర్సాపురం మనవరాలు · బుధవారం, ఉదయం 7:10

అన్నయ్యా, మీ అబ్బాయిని దేవుడు లేపినందుకు నిజంగా సంతోషం. ఒక్కరూ రాకపోవడం మాత్రం విశ్వాస పరీక్ష అని నేను అనలేను. రావాల్సింది.

---

నిర్వాహకురాలు · బుధవారం, ఉదయం 9:00

మందులు, చికిత్స ఆపమని ఎవరూ ఎవరికీ ఇక్కడ సలహా ఇవ్వకూడదు. మొదటి రోజు రావాల్సిన గమనిక ఇది, ఆలస్యానికి క్షమించండి. చర్చ కొనసాగించండి.

---

ప్రశ్నార్థకం · బుధవారం, సాయంత్రం 6:44

నా ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదు, ఫరవాలేదు. తెనాలి కోడలు అక్కా, మీరు హైదరాబాదులో ఉంటే ఏ ప్రాంతమో చెప్పండి. నేను శుక్రవారం రాత్రులు ఖాళీ. మనుషులను తిప్పడం రాదు, నేర్చుకుంటాను. ఇటుకలు మోయడం వచ్చు.

---

తెనాలి కోడలు · ఆదివారం, రాత్రి 9:15

తమ్ముడూ, మేము ఉండేది హైదరాబాదు కాదు. అయినా ఆ మాటకు కృతజ్ఞతలు, అత్తయ్యకు చదివి వినిపించాను.

జరిగింది చెబుతాను. గురువారం సాయంత్రం పై అంతస్తు శారదగారి తలుపు తట్టాను. ఎదురుపడితే నవ్వుకునేంత పరిచయమే. ఆవిడ అప్పుడే తులసి దగ్గర దీపం పెట్టి వస్తున్నారు. ఏం అడగాలో రాక ‘మీకు పాత నూలు దుప్పటి ఉందా’ అన్నాను. ఉంది, ఎందుకన్నారు. చెప్పేలోపే ఏడ్చేశాను. దుప్పటితో పాటు ఆవిడే వచ్చారు. రాత్రి పదకొండు గంటల సారి తాను చూసుకుంటానన్నారు, ఎలాగూ సీరియళ్లు చూస్తూ మేలుకునే ఉంటారట. సంఘం పెద్దావిడకు ఫోను చేసి ఈసారి సూటిగా అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నాకు రాత్రిళ్లు నిద్ర ఎలాగూ పట్టదు, మంగళ, శుక్రవారాలు వస్తాను’ అన్నారు. సండే స్కూలు రిజిస్టరు, సమాజం లెక్కల పుస్తకం ఈ రోజు వేరేవాళ్లకు ఇచ్చేశాను. గుండ్లకమ్మ తాతయ్యగారూ, నాకూ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు.

మావారు నిన్న వచ్చి ఇటుకలు పెట్టారు. నడుము సంగతి చెబితే కోప్పడ్డారు, తర్వాత మూడు గంటల అలారానికి తనే లేచారు. నేను లేవలేదు. ఆ వాక్యం ఫ్రిజ్ మీద అలాగే ఉంది, కింద పెన్సిలుతో 14 రాసుకున్నాను.

నర్సమ్మ అక్కా, ఒక సందేహం. శారదగారి దుప్పటి బాగా మెత్తబడిపోయింది, ఇద్దరం పట్టి ఎత్తితే మధ్యలో సాగుతోంది. రెండు పొరలు కలిపి కుట్టించనా, లేక మావారి పాత పంచె వాడవచ్చా?

---

కువైట్ నర్సమ్మ · ఆదివారం, రాత్రి 9:52

పంచె వద్దు, మరీ పలుచన. దుప్పటినే రెండు పొరలు కుట్టించు, కుట్లు ఒంటికి తగలకుండా అంచుల్లో మాత్రమే ఉండాలి. ఎత్తేటప్పుడు అంచును ఆమె ఒంటి దగ్గరకు వచ్చేదాకా చుట్టి పట్టుకోండి, అప్పుడు సాగదు. శారదగారికి గాజులు ఉంటే ఆ కాసేపు తీసేయమను, అత్తయ్య చర్మం గీసుకుపోతుంది.